తొంభై అంటే ఏమిటి?

2019లో ఆత్మకూరులో మా చిన్నమ్మకు మెడ కింద గడ్డ తేలింది. ముక్క తీసి పరీక్షకు పంపితే, వచ్చిన రిపోర్టును ఇంట్లో మగవాళ్ళే చదివారు. 'డిఫ్యూజ్ లార్జ్ బి సెల్ లింఫోమా' అన్న పేరు కన్నా 'కి-67: 90 శాతం' అన్న అంకె వాళ్ళని భయపెట్టింది. ఒంట్లో తొంభై వంతులు పాకిందనుకున్నారు. పైసలు పెట్టినా దండగేనన్న నిర్ణయం ఆమె లేనిచోట జరిగిపోయింది.

కి-67 ఒక ప్రొటీన్. విభజన పనిలో ఉన్న కణంలోనే కనిపిస్తుంది, ఊరకున్న కణంలో కనిపించదు. 1983లో దాన్ని గుర్తించిన జర్మనీ నగరం కీల్ పేరే దానికి పెట్టారు. 90 అంటే గడ్డలో నూటికి తొంభై క్యాన్సర్ కణాలు విభజన బాటలో ఉన్నాయని. రోగం ఎంతదూరం పాకిందో చెప్పే స్కాన్లు వేరే.

ఆ అంకె ఒక్కటే రకాన్ని కూడా తేల్చదు. బర్కిట్ లింఫోమాలో అది దాదాపు నూరు. అక్కడ సీడీ10, బీసీఎల్6 ఉంటాయి, బీసీఎల్2 సాధారణంగా ఉండదు, మిక్ జన్యువు చోటు మారి ఉంటుంది. మాంటిల్ సెల్ రకాన్ని సైక్లిన్ డి1 పట్టిస్తుంది. చిన్నమ్మకొచ్చిన రకంలో కి-67 తరచు నలభై నుంచి తొంభై దాకా ఉంటుంది. మిక్, బీసీఎల్2 జన్యువులు రెండూ చోటు మారితే జబ్బు మరింత మొండిది. అన్నీ కలిపి చదవాల్సిందే.

రిపోర్టులో 'సీడీ20 పాజిటివ్' అని కూడా ఉంది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. రిటుక్సిమాబ్ మందు పట్టుకునేది ఆ ప్రొటీన్‌నే. 2007లో హైదరాబాదు డాక్టర్ రెడ్డీస్ కంపెనీ దాన్ని 'రెడిటక్స్' పేరుతో తెచ్చింది. కీమోతో కలిపి ఇస్తే ఈ రకంలో పదిమందిలో సుమారు ఆరుగురికి నయమవుతుంది. కీమో దెబ్బ విభజిస్తున్న కణాల మీదే ఎక్కువ. వదిలేస్తే నెలల్లో ప్రాణం తీసే వేగమే మందుకు దొరికే వేగం కూడా.

ఇదంతా చిన్నమ్మకు చెప్పాను.

"నా మెడల గడ్డ, నాకే చెప్పకపోతిరి గద బిడ్డా" అంది. కాసేపాగి, "అంటే కలుపు లెక్క జల్ది మొలుస్తున్నదన్నట్టు. మొలిచినప్పుడే పీకాలె. ఎప్పుడు పోదాం?" అంది.

జూరాల కాలువ కింది పొలాల్లో జీవితమంతా కలుపు తీసిన మనిషికి ఆ అంకె అర్థం కావడానికి పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలు ఆమెకు ఇవ్వాలని ఆసుపత్రిలో గానీ ఇంట్లో గానీ ఎవరికీ తోచలేదు. స్త్రీశక్తి సంఘటన 'సవాలక్ష సందేహాలు' తెచ్చినప్పుడు మన ఒంటి గురించి మన భాషలో మనమే మాట్లాడుకోవడం మొదలైంది. ఆ మాట బయాప్సీ రిపోర్టు దాకా నడిచి రావాలి. సిద్ధాంతాలను తెలుగు చేస్తున్న మనం ఈ నాలుగు మాటల్నీ తెలుగు చేయలేమా?