చీకటిలో కెమెరా చూపు

మార్చి 3వ తేదీ జంషెడ్‌పూర్ వాసులకు పెద్ద పండుగ. 1839లో అదే రోజున జన్మించిన జంషెడ్‌జీ టాటా స్మృత్యర్థం జూబ్లీ పార్కు విద్యుద్దీపాలతో వెలిగిపోతుంది. మైసూరు బృందావన ఉద్యానవనం స్ఫూర్తితో రూపొంది, 1958లో ప్రారంభమైన ఈ పార్కుకు కుటుంబాలు తరలివస్తాయి. అందరి చేతుల్లోనూ కెమెరాలే. అయితే ఇంటికి వెళ్లి చూసుకుంటే దీపాలు స్పష్టంగానూ, మనుషులు మసకగానూ కనిపించడం ఎందరికో అనుభవమే.

ఇందుకు కారణం తెలిస్తే ఉపాయం దానంతటదే స్ఫురిస్తుంది. 1977లో వచ్చిన కొనికా సీ35 ఏఎఫ్ మొదలు నేటి వరకు దానంతటదే ఫోకస్ కుదుర్చుకునే కెమెరాలు ఎన్నో మారాయి. ఇప్పటివి ముఖాలను సైతం గుర్తిస్తాయి. అయినా చాలావరకు వాటికి ఆధారం వెలుగునీడల నడుమ ఉండే తేడాయే. చీకటిలో ఆ తేడా అందక కటకం ముందుకూ వెనుకకూ తారాడుతుంది. అంటే కెమెరాకు కావలసింది వెలుగు ఒక్కటే కాదు, పట్టుకోవడానికి ఒక అంచు.

ఈ సూత్రం మా కుటుంబానికి ఒకసారి ఎంతగానో అక్కరకు వచ్చింది. ఎనభయ్యేళ్లు దాటిన మా అమ్మమ్మ శ్రీకాకుళం నుంచి వచ్చి, "మళ్లీ ఇంత దూరం రాగలనో లేదో, ఆ దీపాల ముందు నాకో ఫోటో తియ్యండర్రా" అని అడిగారు. వెనుక దీపాలు, ముందు చీకటిలో ముఖం. కెమెరా ఎంతకూ దీపాలనే పట్టుకుంటోంది.

అప్పుడు మేము ఫోకస్ బిందువులలో మధ్యనున్న దానిని మాత్రమే ఉంచి, ఆమె చీర జరీ అంచుపై నిలిపాము. పిల్లలు ఒక చిన్న టార్చి వెలుగు ఆ అంచుపై పడేటట్లు పట్టుకున్నారు. మీట సగం నొక్కగానే ఫోకస్ కుదిరింది. వేలు తీయకుండా, దూరం మారకుండా కెమెరాను కాస్త పైకెత్తి, టార్చి ఆర్పించి, ఫ్లాష్‌తో చిత్రం తీశాము. ముఖంలోని ప్రతి ముడుతా స్పష్టంగా వచ్చింది. ఆ తరువాత అమ్మమ్మ మళ్లీ ఈ ఊరు రాలేదు. మాకు మిగిలిన ఆమె చివరి చిత్రం అదే.

మసకంతా ఫోకస్ లోపం కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. దీపాలు గీతలుగా సాగితే అది చేతి వణుకు. కెమెరాను గోడకో, స్టాండుకో ఆనించాలి. ముఖం మసకగా ఉండి, వెనుకనున్నవి స్పష్టంగా ఉంటే అది ఫోకస్ లోపమే. జూమ్ తగ్గించి దగ్గరకు నడిస్తే చాలా కెమెరాలలో కటకం మరింత వెలుగును లోనికి తీసుకుంటుంది. అప్పటికీ కుదరకపోతే, సౌకర్యమున్న కెమెరాలలో తెరపై బొమ్మను పెద్దది చేసుకొని, చేతితోనే ఫోకస్ సరిచేసుకోవచ్చు.

పాఠకులు ఒక సాయంత్రం ఇంట్లో ఒక్క దీపం మాత్రమే ఉంచి, ఇంటి పెద్దలను కూర్చోబెట్టి ఈ సాధన చేయవచ్చు. దీపాలు వచ్చే ఏడాదీ వెలుగుతాయి. పెద్దల చిత్రాలను మాత్రం వాయిదా వేయరాదు.