గేటు ప్రక్క ఇల్లు

ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్ టైర్లకు పేరుపడిన నగరం. గుడ్‌ఇయర్ కంపెనీ 1898లో పుట్టినది అక్కడే. కాని ఏటా జూన్ నెలలో అక్కడికి తరలివచ్చే వేలాదిమందికి టైర్లతో పనిలేదు.

1935 మే 11న న్యూయార్కు షేర్ల వ్యాపారి బిల్ విల్సన్ ఆ ఊరి మేఫ్లవర్ హోటలు ముందు హాలులో పచార్లు చేస్తున్నాడు. వచ్చిన పని చెడినది. తాగుడు మాని కొద్ది నెలలే అయినది. ఒక ప్రక్క బారు, మరొక ప్రక్క టెలిఫోను. తనవంటి మరొక తాగుబోతుతో మాట్లాడితే తప్ప ఆ సాయంకాలం గట్టెక్కదని తోచి, చర్చీల జాబితా చూచి ఒక మతాచార్యునికి ఫోను చేశాడు.

మరునాడు స్టాన్ హీవెట్ భవనపు గేటు ప్రక్కనున్న ఇంటికి డాక్టర్ రాబర్ట్ స్మిత్ వచ్చాడు. ఆయన శస్త్రవైద్యుడు, చేతులు వణికే శస్త్రవైద్యుడు! 15 నిమిషాలకు మించి ఉండనన్నవాడు 6 గంటలు దాటినా లేవలేదు. హితబోధలు ఆయన అదివరకు ఎన్నో విన్నవాడే. ఎదుటివాడు తన సొంత తాగుడు సంగతి చెప్పుకోవడం మాత్రం కొత్త.

డాక్టరు మళ్ళీ ఒకమారు జారాడు. జూన్ 10న, ఆపరేషనుకు చేయి నిలకడగా ఉండాలని తాగిన బీరే ఆయనకు ఆఖరుది. ఆల్కహాలిక్స్ అనానిమస్ సంఘం ఆ తేదీనే తన జన్మదినంగా లెక్కిస్తుంది.

ఆయన 1950లో మరణించాడు. సమాధి ఫలకంపై సంఘం పేరైనా లేదు. వచ్చినవారు తాము తాగకుండా గడిపిన నెలలను, ఏండ్లను తెలిపే బిళ్ళలను ఆ రాతిపై ఉంచి వెళతారు.