మళ్లీ అదే టాపెట్ చప్పుడు

అండమాన్‌లో ప్రోతరాపూర్ పేరు చెబితే ముందు జైలే గుర్తొస్తుంది. మేం వెళ్లింది మాత్రం అక్కడి ఓ లారీ షెడ్డుకి. మేస్త్రీది శ్రీకాకుళం వైపు. ఆయన ముందున్న టిప్పర్‌కి ఏడాది తిరక్కుండానే రెండోసారి టాపెట్లు (వాల్వులు తెరవడానికి క్యామ్‌షాఫ్ట్ మీది క్యామ్ ఎత్తే ముక్కలు) పోయాయి.

"కొత్తవి వేసేయండి మేస్త్రీ గారూ, రేపు లోడుంది" అన్నాడు డ్రైవర్.

"పోయినసారీ అదే కదా చేశారు తమ్ముడూ!"

విప్పిన టాపెట్‌ని ఆయన లైటు కింద ఏటవాలుగా పట్టారు. క్యామ్‌ని తాకే ముఖం మీద గుంట, దాని అంచున గోటికి తగిలే గరుకు. చదునుగా కనిపించే ఆ ముఖం నిజానికి రవ్వంత ఉబ్బెత్తు. క్యామ్ దాన్ని ఎత్తినప్పుడల్లా కాస్త తిప్పుతుంది కూడా. అలా తిరిగితేనే అరుగుదల అంతటా పడుతుంది. తిరగడం ఆగిందా, ఒకేచోట తొలిచేస్తుంది. అందుకే పాత మేస్త్రీలు పై కవర్ తీసి, ఇంజన్ నడుస్తుండగా ఏ పుష్‌రాడ్ తిరగడం లేదో చూస్తారు.

అరిగిన క్యామ్‌షాఫ్ట్ మీద కొత్త టాపెట్లు నిలవవు. ఇక్కడ జరిగింది అదే. క్యామ్‌షాఫ్ట్ దించడం పెద్ద పని. ఖర్చు వినగానే ఓనర్లు వెనకడుగు వేస్తారు.

ఇక ఆయిల్. అండమాన్ ట్రంక్ రోడ్డు మీద జారవా గిరిజనుల రిజర్వు దాటాలంటే జిర్కాటాంగ్‌లో కాన్వాయ్ కోసం ఆగాల్సిందే. అక్కడ ఇంజన్ ఆపకుండా వదిలేస్తే ఆయిల్ పంపు నెమ్మదిగా తిరుగుతుంది, ప్రెజర్ పడిపోతుంది. దగ్గర ట్రిప్పులు కొట్టే బళ్లది మరో బాధ: ఆయిల్ సరిగా వేడెక్కదు, ఈ చెమ్మలో చేరిన నీరు ఆవిరవదు. చవగ్గా దొరికిందని కార్ల ఆయిల్ పోశారా, ఇంకో ముప్పు. టాపెట్ ముఖాన్ని కాపాడే జింక్-ఫాస్ఫరస్ అందులో తక్కువ. 2004 నుంచి పల్చని పెట్రోలు కార్ల ఆయిళ్లలో ఫాస్ఫరస్‌కి 0.08 శాతమే హద్దు. డీజిల్ ఆయిళ్లలో 0.12 దాకా ఉండొచ్చు.

  

ఈ టిప్పర్‌కి ఆయిల్ నిలిచే సంపు దించితే స్ట్రెయినర్ జాలీ సగం మూసుకుపోయి ఉంది. నల్లమడ్డి, మెరిసే ఇనుప రజను, మధ్యలో ఎర్రటి సీలెంట్ తునకలు. పోయినసారి సంపు బిగించినవాళ్లు ధారాళంగా పూసిన పేస్టు అది. మేస్త్రీ అప్పుడే ఓనర్‌కి ఫోన్ చేసి క్యామ్‌షాఫ్ట్, ఆయిల్ పంపు రెండూ కావాలన్నారు. అవి చెన్నై నుంచి 1,300 కిలోమీటర్లకు పైగా ఓడలో రావాలి. అవతల బేరం మొదలైంది. ఇవతల హెల్పర్ కుర్రాడు ఆయిల్ దారులు డీజిల్‌తో కడుగుతున్నాడు.