లారీకి కళ్ళొచ్చాయి

పిల్లకి సంబంధం చూడ్డం కన్నా లారీలకి సాఫ్టువేరు చూడ్డం కష్టమంటాడు మా మరిది. ఇద్దరు కూతుళ్ళకి పెళ్ళి చేసినవాడు గనక ఆ మాట నమ్మాల్సిందే.

అతనుండేది సాలూరులో. ఉన్నవి పద్నాలుగు లారీలు. ఘాటీ ఎక్కి, కోరాపుట్, జగదల్‌పూర్ల మీదుగా రాయ్‌పూర్ దాకా వెళ్ళొస్తుంటాయి. నిన్న మొన్నటిదాకా వాటి జాతకాలన్నీ గుమాస్తాగారి ఎర్ర అట్ట పుస్తకంలో ఉండేవి. ఏ బండి ఇన్సూరెన్సు ఎప్పుడు అయిపోతుందో, ఏ పర్మిట్టుకి గడువెప్పుడో, ఏ టైరు ఎంత తిరిగిందో ఆయనకే ఎరుక. ఆయనకి జ్వరమొస్తే పద్నాలుగు లారీలకీ జ్వరమే! దానికితోడు 2018 ఏప్రిల్ నుంచి రాష్ట్రం దాటే సరుకు విలువ 50,000 రూపాయలు మించితే ఈ-వే బిల్లు. 2021 ఫిబ్రవరి నుంచి టోలు గేట్ల దగ్గర ఫాస్టాగ్. పుస్తకం చాల్లేదు.

ముగ్గురు కంపెనీల కుర్రాళ్ళు వచ్చారు. తెర మీద రంగురంగుల పటం, దానిమీద చీమల్లా పాకే లారీలు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. అయితే పెళ్ళిచూపుల్లో ప్రతి పెళ్ళికొడుకూ బుద్ధిమంతుడే కదా!

అసలీ విద్య మరీ కొత్తదేం కాదు. అమెరికాలో క్వాల్‌కామ్ వాళ్ళు 1988లోనే ఆమ్నిట్రాక్స్ పేరుతో ఉపగ్రహం ద్వారా లారీల జాడ తెలిపే ఏర్పాటు తెచ్చారు. ఇప్పుడైతే బండిలో చిన్న పెట్టె ఒకటి బిగిస్తారు. అది ఉపగ్రహాల సంకేతాలతో తానెక్కడుందో లెక్కగట్టుకుని, లోపలున్న సిమ్ము ద్వారా ఆఫీసుకి కబురు పంపుతుంది.

"మరి ఘాటీలో సిగ్నలు పోతేనో?" అని అడిగారు గుమాస్తాగారు. ఒకబ్బాయి పైకప్పు చూశాడు. మిగతా ఇద్దరూ, "పెట్టె లెక్కలన్నీ దాచుకుని సిగ్నలు రాగానే పంపుతుందండీ" అన్నారు. ఒక సంబంధం అక్కడే తప్పిపోయింది.

మిగిలిన రెండింటినీ చెరో లారీకి నెల్లాళ్ళు పెట్టి చూద్దామన్నారు. నేను దసరాకి వెళ్ళేసరికి ఇంట్లో పెద్ద గొడవ. పెద్ద డ్రైవరు బండిలో డీజిలు దొంగతనం జరిగిందని ఫోనుకి హెచ్చరిక వచ్చింది!

"ఇరవై రెండేళ్ళుగా ఉన్నవాడు తిన్నింటి వాసాలు లెక్కపెట్టాడు వదినా! రేపట్నుంచి రావద్దంటాను" అని మా మరిది చిందులు.

డ్రైవరు చేతులు కట్టుకుని నిలబడి, "బాబూ, ఎక్కుడులో బండి ముక్కు పైకెత్తితే టాంకులో డీజిలు వెనక్కి జారిపోదా?" అని మాత్రం అన్నాడు.

గుమాస్తాగారు కళ్ళజోడు సవరించుకుని, కంప్యూటర్లో ఆ పూట గీతంతా తీయించారు. ఘాటీ ఎక్కుడులో గీత గభాల్న దిగింది. చదును రోడ్డు రాగానే మళ్ళీ లేచింది. మధ్యలో బంకు బిల్లు లేదు, బండి ఎక్కడా ఆగనూ లేదు.

"దొంగ పట్టుకుపోయిన డీజిలు దానంతటది టాంకులోకి తిరిగి రాదు కదండీ!" అన్నారాయన.

మా మరిది నోట మాట లేదు. నాకు మాత్రం గుండె ఝల్లుమంది. ఆ గీత కనబడకుండా ఉత్త హెచ్చరికే వచ్చి ఉంటే, ఒక మనిషి ఇరవై రెండేళ్ళ మంచిపేరు ఒక్క పూటలో పోయేది. ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు.

రెండో కంపెనీ వాళ్ళది చవక. కానీ హెచ్చరిక తప్ప గీత చూపించదు. అందుకని దాన్ని వద్దన్నారు. తీసుకున్నదానికైనా షరతులు పెట్టారు. డ్రైవరు లెక్క డ్రైవరు ఫోనులోనూ తెలుగులో కనబడాలి. అతని సంజాయిషీ రాసుకునే చోటుండాలి. రేపు మనం వేరే కంపెనీకి మారితే మన లెక్కలు మనకి ఇచ్చెయ్యాలి. బండికి నెలకింత అన్నాక, పెట్టె పాడైతే ఎవరి ఖర్చో కాయితం మీద ఉండాలి. చవక ఎంతన్నది ఆ తరవాతి మాట.

అన్నట్టు, ఆ పెద్ద డ్రైవరు ఇప్పుడు టీకి ఆగినా ఫోను చేస్తున్నాడట. "పెట్టె మీకు చెప్పేలోగా నేనే చెప్పేద్దారని బాబూ!" అంటాడట.