తుపాను షెల్టర్ బలాన్ని ఎవరితో పరీక్షిస్తున్నాం?

కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మేము హంసలదీవి వైపు యానాది పిల్లలం. హాస్టల్లో ఉండి సివిల్ చదువుతున్నాం. మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. పీతలు, చేపలు పట్టుకుని బతికే కుటుంబాలు మావి. 1977 నవంబర్ 19 ఉప్పెన గురించి దివిసీమలో ఏ పెద్దవాళ్లని అడిగినా చెప్తారు. వేల మంది పోయారు. ఆ తర్వాత తీరం పొడుగునా తుపాను షెల్టర్లు కట్టారు. గుడిసెలో ఉండేవాళ్లకి ఆ శ్లాబే ఆఖరి దిక్కు. అందుకే ల్యాబ్‌లో నేర్చుకున్నది ముందు మనవాళ్లకి చెప్పాలనిపించింది.

కాంక్రీటు కలిపేటప్పుడే కొంచెం తీసి 15 సెంటీమీటర్ల దిమ్మలు పోస్తారు. 28 రోజులు నీళ్లతొట్టిలో ఉంచి, మెషిన్లో పెట్టి పగిలేదాకా నొక్కుతారు. సముద్రతీరంలో ఊచలు వేసి కట్టే కట్టడానికి కనీసం ఎం-30 కాంక్రీటు వాడాలని ఐఎస్ 456 చెప్తుంది. అంటే ఆ చిన్న దిమ్మ దాదాపు 69 టన్నుల బరువు మోయాలి.

కానీ దిమ్మ ఉండేది మంచినీళ్లలో, 28 రోజులే. షెల్టర్ ఉండేది ఉప్పుగాలిలో, ఏళ్ల తరబడి. ఉప్పు లోపలికి దిగితే ఊచలు తుప్పు పడతాయి. తుప్పు ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, కాంక్రీటు చీలి పెచ్చులు ఊడతాయి. అప్పుడు కట్టిన రోజు రిపోర్టు చూసి ధైర్యపడలేం.

మరి పాత శ్లాబుని ఎలా చూస్తారు? దానికే లోడ్ టెస్ట్ ఉంది. జనం గుమిగూడే హాలుకి చదరపు మీటరుకి సుమారు 510 కిలోలు లెక్క వేస్తారు. అంటే 60 కిలోల మనుషులు ఎనిమిది మందికి పైనే. టెస్టులో దానికి ఒకటింపావు వంతు, దాదాపు 640 కిలోలు పెడతారు. యాభై కిలోల ఇసుక బస్తాలైతే పదమూడు. 24 గంటలు ఉంచి, శ్లాబు ఎంత కుంగిందో కింద డయల్ గేజీతో కొలుస్తారు. బరువు తీశాక మరో 24 గంటల్లో ఆ కుంగుడులో 75 శాతం వెనక్కి రావాలి. 8 మిల్లీమీటర్లు కుంగితే 6 అయినా తిరిగి లేవాలి. రాకపోతే 72 గంటలు ఆగి మళ్లీ పెడతారు, ఈసారి 80 శాతం రావాలి. అదీ రాకపోతే ఆ కట్టడం పనికిరానట్టే.

మాకు బాగా పట్టుకున్న సంగతి ఇదే: బరువు మోస్తే సరిపోదు, దించాక లేవాలి. కూలిపోలేదు కదా అంటే బలంగా ఉన్నట్టు కాదు.

పాత షెల్టర్‌ని టెస్ట్ చేయకుండా వదిలేస్తే, తుపాను రాత్రి టెస్ట్ జరుగుతుంది. ఇసుక బస్తాల బదులు మన అమ్మలు, పసిపిల్లలు ఉంటారు. ఆ రాత్రి డయల్ గేజీ చూసేవాళ్లెవరూ ఉండరు.

కాబట్టి మిత్రులారా, మీ ఊరి షెల్టర్ కింద నిలబడి ఒకసారి పైకి చూడండి. పెచ్చులు, తుప్పు మరకలు, ఊచలు కనిపిస్తే ఫోటో తీయండి. ఎప్పుడు కట్టారు, చివరగా ఎప్పుడు పరీక్షించారు, రిపోర్టు ఎక్కడుంది? ఈ మూడూ సమాచార హక్కు కింద అడగండి. బందరు కలెక్టరేట్‌లో సోమవారం అర్జీ పెట్టండి. ఎండాకాలంలోనే కదలాలి, అక్టోబర్ దాకా ఆగితే ఆలస్యమే. అర్జీ రాయడం రాకపోతే కింద చెప్పండి, మేము రాసిపెడతాం.