గొంగడి

“ఎక్కడ వేసిన గొంగళి అక్కడే” అన్నది మన సామెత. ముందుకు సాగని పనిని గూర్చి ఈ మాట అంటాం. నిజానికి గొంగళికి ఒకచోట నిలిచే స్వభావం లేదు. తెలంగాణలో గొంగడి అని పిలిచే ఈ ఉన్నికంబళి, గొర్రెలమంద వెంట కాపరి భుజంపై ఊరూరా తిరుగుతుంది. వానలో అతనికి గొడుగవుతుంది; రాత్రివేళ పొలంలో పరుపవుతుంది.

సికింద్రాబాదులో నేను బోధించే కళాశాలలో సిద్దిపేట ప్రాంతపు కురుమ కుటుంబానికి చెందిన విద్యార్థి ఒకడుండేవాడు. గొర్రెల పెంపకం, గొంగళ్ళ నేత కురుమల కులవృత్తులు. ఒక సెలవు దినాన అతని ఆహ్వానంపై వారి ఊరికి వెళ్ళాను.

వారిది చిన్న మంద. దక్కని జాతి నల్లగొర్రెలకు ఏటా రెండుమార్లు ఉన్ని కత్తిరిస్తారు. దానిని ఏకి, స్త్రీలు రాట్నంపై నూలు వడుకుతారు. పడుగును ఆరుబయట చాచి కట్టి, చింతగింజల గంజిని కుంచెతో పట్టిస్తారు. దానితో నూలుకు బిగువు వస్తుంది. పిదప గుంటమగ్గంపై నేస్తారు. రంగు అద్దే పని లేదు. గొర్రె నలుపే గొంగడి నలుపు. ఒక్క గొంగడిలో ఇంటిల్లిపాది శ్రమ ఇమిడి ఉంటుంది.

మాంసానికి గిరాకీ పెరిగినకొద్దీ కాపరులు త్వరగా బరువెక్కే నెల్లూరు జాతి పొట్టేళ్ళను మందలలో కలిపారు. ఆ జాతి గొర్రెలకు కత్తిరించదగిన ఉన్ని ఉండదు. 2017లో తెలంగాణ ప్రభుత్వం 75 శాతం సబ్సిడీపై 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంపిణీ చేపట్టింది. 2019 పశుగణనలో సుమారు 1 కోటి 90 లక్షల గొర్రెలతో రాష్ట్రం దేశంలో ప్రథమస్థానం పొందింది. గొర్రెలు పెరిగాయి గాని గొంగళ్ళు పెరగలేదు.

“ఉన్నికి ధర లేదు సారూ! కత్తిరించిన కూలి గూడ ఎల్లది” అన్నాడు విద్యార్థి తాత. కత్తిరించక మానితే గొర్రెకు పిడుదులు పడతాయి. అందుచేత ఖర్చుపెట్టి కత్తిరించి, అమ్ముడుపోని ఉన్నిని పారవేసేవారూ ఉన్నారు.

మనుమడు వాణిజ్యశాస్త్ర విద్యార్థి. మగ్గం ప్రక్కన కూర్చుండి ఒక గొంగడికి పట్టే ఉన్నిని, పనిదినాలను, వచ్చే ధరను కాగితంపై లెక్కవేశాడు. ఇంటిల్లిపాది శ్రమకు దక్కే రోజుకూలి పొలంకూలి కంటె తక్కువని తేలింది. తాత నవ్వి, “గందుకే నిన్ను పట్నం పంపిన బిడ్డా!” అన్నాడు. మనుమడు నవ్వలేదు. ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

నేడు మనం సభలలో నాయకుల భుజాలపై గొంగడి కప్పి గౌరవిస్తున్నాం. బీరప్ప కొలువులలో అది పవిత్రవస్త్రం. ఈ గౌరవం ఉచితమే. అయితే నేసిన చేతులకు గిట్టుబాటు ధర లభించనినాడు మగ్గపు గుంట పూడిపోతుంది. అప్పుడు గొంగడిని మన పిల్లలు సామెతలో మాత్రమే చూడవలసి వస్తుంది.