గండిని ఆఖర్న చూడండి

చెరువు కట్ట తెగితే గండి పడిందంటాం. కడప జిల్లాలో ఆ మాట కొండలకూ వాడతారు. ఏరు కొండను చుట్టుకుని పోకుండా నడుమ కోసుకుని పోతే, ఆ కోత గండి. పాలకొండల మధ్య నుంచి పాపాఘ్ని దూసుకొచ్చే చోట ఆంజనేయస్వామి గుడి ఉంది. ఆ క్షేత్రం పేరు వట్టి ‘గండి’. ఎర్రమల కొండలను పెన్న కోసిన చోట, ఆ కోత అంచునే కోట కట్టారు. అది గండికోట. సొంతానికి ఇంత ముద్దొచ్చే పేరుండగా దీన్ని ‘ఇండియా గ్రాండ్ కాన్యన్’ అని ప్రచారం చేస్తుంటే నాకు ఒళ్ళు మండుతుంది. అమెరికాలో ఉన్నది మైలు లోతు. మన గండి సుమారు మూడొందల అడుగులు. కొలతల పోటీకి దిగితే మనం ఓడిపోయి ఇంటికి రావడమే.

జమ్మలమడుగు నుంచి గండికోట పదిహేను కిలోమీటర్లు. నంద్యాల–యర్రగుంట్ల రైలు మార్గంలో జమ్మలమడుగుకు స్టేషను ఉంది. ముంబై–చెన్నై మార్గంలో వచ్చేవాళ్ళు ముద్దనూరులో దిగుతారు. కారు కోటలోపలి దాకా పోతుంది. అందుకే చాలామంది నేరుగా లోయ దగ్గర దిగి, ఫొటోలు తీసుకుని, ముప్పావు గంటలో వెనక్కి తిరుగుతారు. మొదటిసారి నేనూ అంతే. కోట ద్వారం దగ్గర మేకలు తోలుకొస్తున్న పెద్దాయన నా తొందర చూసి, “ముందే లోయ జూచ్చే మళ్ళా గుడెవురు జూచ్చారు నాయనా?” అన్నాడు. విన్లేదు. ఆయన అన్నట్టే లోయ చూశాక దేని మీదా కన్ను నిలవలేదు. రెండోసారి బండి బయటే పెట్టి, చుట్టు తిరిగి వచ్చేలా నడిచాను.

నా లెక్కలో ఆ చుట్టు అయిదారు కిలోమీటర్లు. అలవాటున్నవాళ్ళకు రెండు గంటల పని, ఆగి చూసేవాళ్ళకు నాలుగు. ఎక్కుడు పెద్దగా లేదు; ఇబ్బంది పెట్టేవి ఎండా, రాయీ. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అయితే హాయి. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ నలభై రెండు డిగ్రీలు దాటడం మామూలే, ఆ రాయి మధ్యాహ్నం పెనంలా కాలుతుంది. దారిలో నీడ అంటే గుడీ మసీదే. మనిషికి మూడు లీటర్ల నీళ్ళు, టోపీ, అడుగున పట్టున్న బూట్లు ఉంటే చాలు. తెల్లవారి ఆరింటికల్లా ద్వారం దగ్గర ఉండాలి.

ద్వారం తలుపులకు ఇనప రేకులు, వాటిమీద ఏనుగులు ఢీకొట్టకుండా మేకులు. దాటగానే ఊరు. కోటలో ఊరుండటం వేరు, కోటే ఊరై ఉండటం వేరు. ఇక్కడ గొడ్లపాక గోడకు ఆనుకుని బురుజు ఉంటుంది, బట్టలు ఆరేసిన తాడు చరిత్రకు కట్టి ఉంటుంది. ఊరివాళ్ళు చార్మినార్ అని పిలుచుకునే చిన్న కట్టడం, పావురాల గోపురం, జైలు దాటుకుంటూ మాధవరాయస్వామి గుడికి చేరతాం. గోపురం విజయనగర పనితనం. లోపల పూజలు లేవు. స్తంభాల మీది బొమ్మలను తాపీగా చూసే వీలుంది. ఏడున్నర ఎండ మండపంలోకి ఏటవాలుగా పడే వేళ అక్కడ అరగంట కూర్చోండి.

కూర్చుంటే ఒక కథ గుర్తుకొస్తుంది. విజయనగరం కాలంలోనూ ఆ తర్వాతా ఈ కోట పెమ్మసాని నాయకుల చేతిలో ఉండేది. 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా దాన్ని పట్టుకున్నాడు. రెండేళ్ళకు, 1652లో, ఫ్రెంచి నగల వర్తకుడు తావెర్నియే తన సరుకు అమ్ముకునేందుకు అతన్ని వెతుక్కుంటూ ఇక్కడికి వచ్చాడు. కొండ అంచున తొలిచిన దారిని, పక్కన నోరు తెరిచిన లోయను చూసి అతను బెదిరినట్టే రాసుకున్నాడు. మీర్ జుమ్లా గుళ్ళలోని రాగి విగ్రహాలు పోగేసి ఫిరంగులు పోయించే ప్రయత్నంలో ఉన్నాడట. ఆ పనికి ఒక ఫ్రెంచివాణ్ణే పెట్టాడు. తక్కినవన్నీ కరిగాయి కానీ గండికోట గుడి విగ్రహాలు ఆరు మాత్రం ఎంత మంటపెట్టినా కరగలేదని తావెర్నియే రాశాడు. పూజారులు మంత్రం వేశారా, పోత పనివాడికి పని రాదా అన్నది ఆయనా తేల్చలేదు. నాకు రెండోదే నిజమనిపిస్తుంది. ఖాళీ గర్భగుడి ముందు కూర్చున్నప్పుడు మాత్రం మొదటిదే బాగుంటుంది.

అక్కణ్ణించి జామియా మసీదు కనిపిస్తూనే ఉంటుంది. రెండు మినార్లు, చుట్టూ కమానుల వరస, మధ్యలో వెడల్పాటి ఆవరణ. పక్కనే ధాన్యాగారం, బయటి ఎండలోంచి లోపలికి అడుగుపెడితే కమాను కప్పు కింద చల్లగా కమ్ముకునే చీకటి. ఎదురుగా కత్తుల కోనేరు, యుద్ధం నుంచి వచ్చి నెత్తురు కత్తులు అందులో కడిగేవారని ఊళ్ళో చెప్పుకుంటారు. నాకు కోనేటి కథ కన్నా గాదె కథే ముఖ్యం. ముట్టడిలో కోట పడేది గోడ బలహీనపడి కాదు, తిండీ నీళ్ళూ ఐపోయి. గండికోట గట్టితనంలో ఈ గాదెకూ, కోటలోని రాయల చెరువుకూ ఉన్న వాటా ఫిరంగులకు లేదు.

ఇక రంగనాథస్వామి గుడి దాటితే నేల రాయిగా మారిపోతుంది. కాళ్ళ కింద ఎర్రటి పలకలు, దోసెల దొంతరలా ఒకదాని మీద ఒకటి. చాలామంది దీన్ని గ్రానైట్ అంటారు, కాదు. క్వార్ట్‌జైట్. పాతకాలపు సముద్రం అడుగున పేరుకున్న ఇసుక, ఒత్తిడికి రాయై, ఇంకా గట్టిపడితే ఇది. భూగర్భ శాస్త్రంలో ఈ పొర పేరే గండికోట క్వార్ట్‌జైట్. కడప బేసిన్ అనే పెద్ద రాతి పళ్ళెంలో ఒక మెతుకు. ఇనుము తుప్పు రంగు దానిది. పొరలకు నిలువుగా చీలికలు ఉండటం వల్ల ఏరు తొలిచినకొద్దీ అంచులు దిమ్మెలు దిమ్మెలుగా విరిగాయి, కొండ వాలుగా జారకుండా గోడలా నిలిచింది.

అప్పుడు, నిజంగానే అప్పుడు, గండి కనిపిస్తుంది. కోటకు ఉత్తరానా పడమరా గోడ కట్టే ఖర్చు ఎందుకు తగ్గిందో అక్కడ నిలబడితేనే తెలుస్తుంది: ఆ రెండు దిక్కులా కోట కట్టింది పెన్నే. కర్ణాటకలో నంది కొండల వైపు పుట్టి, అనంతపురం మీదుగా వచ్చి, నెల్లూరు దగ్గర సముద్రంలో కలిసే ఈ ఏరు ఎండాకాలం చాలాచోట్ల ఇసుకే. ఇక్కడ నీళ్ళు నిలిచి కనపడటానికి కిందనున్న మైలవరం జలాశయం కారణం. పైన గండికోట జలాశయమూ ఉంది, నిండితే 26.85 టీఎంసీలు. దాని కింద మునిగిన పల్లెలున్నాయి. లోయలోని నీళ్ళ నీలాన్ని పొగిడేటప్పుడు ఆ పల్లెలూ గుర్తుండాలి.

అంచుకు రెయిలింగు లేని చోట్లు ఎక్కువ. దిమ్మెల మీద వెనక్కి నడుస్తూ ఫొటో తీయకండి. కిందికి దిగే దారి ఒకటుంది, రాళ్ళ మీద చేతులూ మోకాళ్ళూ వాడాల్సిందే. ఈ చుట్టులో కష్టమైన ముక్క అదొక్కటే. వాన పడిన రోజు వదిలేయండి. నీళ్ళలోకి ఏ రోజూ దిగకండి.

తిరుగు దారికి కొంతదూరం అంచు వెంబడే నడిచి, మేకలు వేసిన బాటల్లో కంపచెట్ల మధ్య నుంచి లోపలికి తిరిగాను. అప్పటికి ఎండ ఎదురు గోడ మీద పూర్తిగా పడి, రాయి ఇటిక రంగుకు వచ్చింది. ముల్లు గుచ్చుకుంటే ఆగి, తీసుకుని, మళ్ళీ. కూలిన గోడ పట్టుకుని పోతే పదింటికి ద్వారం దగ్గర తేలతాం. ఆ తర్వాత ఆలస్యం చేయకూడదు. జమ్మలమడుగులో పదిన్నర దాటితే ఉగ్గాని అయిపోతుంది, మిగిలేది బజ్జీలే.